చూపు తగ్గినవాళ్ళు తెలుగు చదవడానికి ఫైర్‌ఫాక్స్: ఏళ్ళ వాడకం తర్వాత

నాకు రెటినైటిస్ పిగ్మెంటోసా. చూపు అంచుల నుంచి లోపలికి కుంచించుకుపోతూ వస్తుంది. మసక వెలుతురులో ఏమీ ఆనదు. తెల్లటి తెర వెలుగు సూటిగా పడితే కళ్ళు చెదిరి అక్షరాలు తేలిపోతాయి. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం, చదవకపోతే గడవదు. ఆ చదువులో ఎక్కువ భాగం ఇప్పుడు బ్రౌజర్‌లోనే. ల్యాప్‌టాప్‌లో క్రోమ్, ఎడ్జ్ కూడా ఉన్నాయి గానీ కొన్నేళ్ళుగా నేను గట్టిగా పట్టుకున్నది ఫైర్‌ఫాక్స్‌ని. తెలుగు చదివే లో విజన్ వాళ్ళకి ఇది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ వేరేదాన్ని ఆశ్రయించాలో రాస్తున్నాను.

ముందు జూమ్ సంగతి. అక్షరాలు పెద్దవి చేసుకుంటే సరిపోతుంది కదా అని అందరూ అంటారు. అందరికీ సరిపోదు. నాలాగా చూపు సొరంగంలా ఇరుకైనవాళ్ళు 300 శాతం పెట్టుకుంటే ఒక్కో చూపుకి రెండు మాటలే అందుతాయి, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతాం. మా పిన్నిది దీనికి పూర్తిగా తిరగేసిన కష్టం. మాక్యులా (రెటినా నడిమి భాగం) దెబ్బతిని నడిమి చూపు పోయింది, పక్కచూపు మిగిలింది. ఆవిడకి 300 కూడా చాలదు. నాకు 150 దగ్గర హాయిగా ఉంటుంది. ఇంకొకరి అంకె చూసి పెట్టుకునే విషయం కాదిది. ఎదురుగా ఒక పేజీ పెట్టుకుని, కళ్ళు అలిసిన సాయంత్రం వేళ ఒకసారి, పొద్దున ఒకసారి చూసుకుని తేల్చుకోవాలి.

కంట్రోల్, ప్లస్ కలిపి నొక్కితే పేజీ పెరుగుతుంది, కంట్రోల్, సున్నా నొక్కితే మామూలుకి వస్తుంది. 500 శాతం దాకా వెళ్ళొచ్చు, క్రోమ్‌లోనూ అంతే. ఫైర్‌ఫాక్స్‌లో అదనంగా ఉన్నది ‘జూమ్ టెక్స్ట్ ఓన్లీ’. సెట్టింగ్స్‌లో జూమ్ దగ్గర టిక్ పెడితే బొమ్మలు ఉన్నంతే ఉండి అక్షరాలు మాత్రమే పెరుగుతాయి. వార్తలు చదివేటప్పుడు ఫొటోలు తెరంతా ఆక్రమించవు. ఫారాలు నింపేటప్పుడు మాత్రం ఈ టిక్ తీసేస్తాను. పెట్టెల కొలత పెరగక అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి.

నేను ఫైర్‌ఫాక్స్‌లో ఉండిపోవడానికి అసలు కారణం ఫాంట్ల సెట్టింగ్. ఇంగ్లిష్‌ని 16 పిక్సెళ్ళలో చదవగలిగినవాళ్ళకి కూడా తెలుగు 16లో అందదు. మన అక్షరాల్లో తేడా అంతా చిన్న చిన్న గుర్తుల్లో ఉంది. పకీ ఫకీ మధ్య ఉన్నది కింద ఒక్క గీత. అర్థం, అర్ధం పక్కపక్కన పెడితే తేడా ఒక్క చుక్కే. మసకబారిన చూపుకి మొదట మాయమయ్యేవి అవే. ఆపైన వత్తులు. రాష్ట్రం, స్త్రీ, లక్ష్మి లాంటి మాటల్లో కింది వత్తు, తర్వాతి వరుసలోని గుడిదీర్ఘం కలిసిపోయి ముద్దవుతాయి. ఇంగ్లిష్ కొలతలతో వరుసల మధ్య ఖాళీ పెట్టిన సైట్లలో వత్తు కొస తెగిపోవడం కూడా చూస్తుంటాను.

ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కితే ఏ లిపికి ఆ లిపి విడిగా ఎంచుకునే జాబితా వస్తుంది. అందులో తెలుగు ఉంది. తెలుగుకి ఏ ఫాంట్, ఎంత సైజు, అన్నిటికంటే తక్కువ సైజు ఎంత అన్నది మనమే చెప్పొచ్చు. నేను నోటో సాన్స్ తెలుగు, సైజు 22, కనీస సైజు 20 పెట్టుకున్నాను. విండోస్‌తో వచ్చే నిర్మల నా కళ్ళకి సన్నగా అనిపిస్తుంది. రామభద్ర లాంటి లావు ఫాంట్లు శీర్షికలకి బాగుంటాయి గానీ పేరా మొత్తం అందులో పెడితే అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. ఇంకో ముఖ్యమైన మాట: కనీస సైజుని తెలుగు కింద ఒక్కచోటే పెడితే చాలదు. పేజీ తయారుచేసినవాళ్ళు దాని భాషని తెలుగు అని కోడ్‌లో రాయకపోతే బ్రౌజర్ దాన్ని తెలుగు పేజీగా లెక్కపెట్టదు. అందుకని లాటిన్ కింద, ‘అదర్ రైటింగ్ సిస్టమ్స్’ కింద కూడా అదే అంకె పెట్టుకోండి.

అక్కడే కింద, పేజీలు తమ సొంత ఫాంట్లు వాడుకోవచ్చా అనే టిక్ ఉంటుంది. అది తీసేస్తే ప్రతి సైటూ మీ ఫాంట్‌లోకి వస్తుంది. మంచిదే. కానీ యూనికోడ్‌కి (అన్ని లిపులకీ ఉమ్మడిగా ఉన్న అక్షరాల పద్ధతికి) ముందు కాలంలో, సొంత ఫాంట్ల మీదే ఆధారపడి చేసిన తెలుగు పేజీలు గజిబిజి గుర్తులుగా మారిపోతాయి, కొన్ని సైట్లలో బటన్ల మీది బొమ్మలు చతురస్రాలవుతాయి. నేను దాన్ని ఉంచేసి, చదవాల్సిన వ్యాసాన్ని రీడర్ వ్యూలోకి తీసుకుంటాను.

రీడర్ వ్యూకి విండోస్‌లో ఎఫ్9. ప్రకటనలు, పక్కపట్టీలు పోయి వ్యాసం ఒక్కటే మిగులుతుంది. అక్షరాల సైజుతో పాటు వరుస వెడల్పు, వరుసల మధ్య ఖాళీ కూడా మార్చుకోవచ్చు. ఇరుకు చూపుకి వెడల్పు తగ్గించడం పెద్ద ఉపశమనం, వరుస చివరి నుంచి కిందివరుస మొదటికి రావడానికి కళ్ళు వెతుక్కోనక్కర్లేదు. ఖాళీ పెంచితే వత్తులు ఊపిరి పీల్చుకుంటాయి. వ్యాసంలాంటి పేజీలకే ఇది తెరుచుకుంటుంది, హోమ్ పేజీలకి రాదు. పత్రికల ఈ-పేపర్లు పేజీ మొత్తం బొమ్మగా ఇస్తాయి కాబట్టి అక్కడ ఇదీ పనిచేయదు, చదివి వినిపించే గొంతూ పనిచేయదు. అదే వార్త మామూలు సైట్‌లో దొరికితే అక్కడ చదవడమే మార్గం.

రంగుల విషయంలో, కొత్త వెర్షన్లలో కాంట్రాస్ట్ కంట్రోల్ అనే చోట కస్టమ్ ఎంచుకుంటే అన్ని సైట్లమీదా మన రంగులు రుద్దొచ్చు. నల్ల నేల, లేత పసుపు అక్షరాలు నాకు పడ్డాయి. దీనితో వచ్చే ఇబ్బంది బస్సు టికెట్ల దగ్గర తెలుస్తుంది. ఖాళీ సీటుకీ నిండిన సీటుకీ తేడా రంగుతోనే చూపించే సైట్‌లో మొత్తం ఒకే నలుపైపోతుంది. అందుకే టికెట్లకీ బ్యాంకు పనులకీ ఈ సెట్టింగ్‌ని ఆపేస్తాను. మామూలు అక్షరాలకీ వాటి వెనకున్న రంగుకీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. లేత బూడిదరంగు అక్షరాలు తెల్లటి పేజీ మీద వేసేవాళ్ళు దీన్ని పాటిస్తే నాలాంటివాళ్ళకి సగం సెట్టింగులు అక్కర్లేదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ కేవైసీ మీద ఇచ్చిన తీర్పులో డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు వచ్చిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది.

పొడుగు వ్యాసాలు వినడానికి మాత్రం ఎడ్జ్‌కి వెళ్తాను. అందులో రీడ్ అలౌడ్‌కి మోహన్, శ్రుతి అని రెండు తెలుగు గొంతులున్నాయి, వాక్యాన్ని వాక్యంలా చదువుతాయి. ఫైర్‌ఫాక్స్ రీడర్ వ్యూలోనూ వినే ఏర్పాటు ఉంది గానీ అది కంప్యూటర్‌లో ఉన్న గొంతుల మీద ఆధారపడుతుంది. కళ్ళు పూర్తిగా మొరాయించిన రాత్రుల్లో ఎన్‌వీడీఏ, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే ప్రోగ్రామ్. ఉచితం. హెచ్ నొక్కుతూ శీర్షికల మీదుగా వెళ్ళొచ్చు. దాని తెలుగు ఉచ్చారణ యంత్రంలా ఉంటుంది, వారం పది రోజుల్లో చెవి అలవాటు పడుతుంది.

ఫోన్‌లో కొన్ని సైట్లు వేళ్ళతో పెద్దది చేయనివ్వవు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ‘జూమ్ ఆన్ ఆల్ వెబ్‌సైట్స్’ పెడితే ఆ అడ్డు తొలగుతుంది. క్రోమ్‌లోనూ ఇలాంటిదే ఉంది. పిన్ని ఫోన్‌లో నేను మొట్టమొదట మార్చింది ఇదే.

ఇంట్లో ఒకే కంప్యూటర్‌ని నలుగురు వాడుతుంటే మీకోసం విడిగా ఒక ప్రొఫైల్ తెరుచుకోండి. ఫాంట్లు, రంగులు, జూమ్ దేనికదే ఉంటాయి. పిల్లలకి నల్లతెర బాధ ఉండదు, వాళ్ళు మార్చేసిన సెట్టింగులు మీరు మళ్ళీ వెతుక్కుంటూ కూర్చోనక్కర్లేదు.