థ్రెడ్ లిఫ్ట్ తర్వాతి సంరక్షణ: హైదరాబాద్‌లోని ఒక చర్మ క్లినిక్ సేవలపై సమీక్ష

జారిన బుగ్గలను, దవడ అంచును దారాలతో పైకి నిలిపే థ్రెడ్ లిఫ్ట్ సాధారణంగా గంటలోపే పూర్తవుతుంది. చర్మం కింద వేసిన, సన్నటి ముళ్లలాంటి కొక్కేలున్న దారాలు కణజాలంలో గట్టిగా పట్టుకోవడానికి మాత్రం కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలలో రోగిని ఎలా చూసుకున్నారన్నదే క్లినిక్ నాణ్యతకు అసలైన కొలమానమని నా నమ్మకం. నేను చేయించుకున్న చోట ఆ భాగం చాలావరకు బాగుంది, కొంత బాగాలేదు.

అన్నిటికంటే నచ్చింది, ఇంటికి పంపే ముందు డాక్టరుగారు స్వయంగా కూర్చుని ప్రతి జాగ్రత్తకూ కారణం చెప్పడం. వాడినవి పీడీవో (పాలీడయాక్సనోన్ అనే కరిగే పదార్థం) దారాలని, అవి సుమారు 6 నుంచి 8 నెలలలో శరీరంలో కరిగిపోతాయని, ఫలితం చాలామందిలో ఏడాది, ఏడాదిన్నర మాత్రమే నిలుస్తుందని ఆమె దాచకుండా చెప్పారు. మొదటి రెండు మూడు వారాలు తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలని, పక్కకు తిరిగితే దిండు ఒత్తిడికి దారం జరగవచ్చని వివరించారు. ఆవులింత వస్తే గడ్డం కింద చేయి ఆనించాలన్న చిన్న సూచన నాకు అన్నిటికంటే ఎక్కువగా భోజన వేళల్లో ఉపయోగపడింది, ఎందుకంటే పెద్ద ముద్దకు నోరు వెడల్పుగా తెరిచినా దవడ అంతే లాగుతుంది. చేగోడీలు, చెక్కలు, మటన్ ముక్కలు, గట్టి జొన్నరొట్టె పక్కన పెట్టి, మెత్తగా కలిపిన పప్పన్నం, పెరుగన్నం, ఉప్మా చిన్న ముద్దలుగా తినమన్నారు. దంతవైద్యం ఏదైనా ఉంటే కనీసం కొన్ని వారాలు వాయిదా వేయమన్నారు. నొప్పికి పారాసిటమాల్ సూచించి, ఆస్పిరిన్, ఐబూప్రోఫెన్ వంటివి కమిలిన మచ్చలను పెంచుతాయి కనుక సొంతంగా వేసుకోవద్దన్నారు. అయితే గుండె జబ్బుకు ఆస్పిరిన్ వాడేవారు తమ వైద్యుని అడగకుండా దానిని ఆపకూడదని కూడా గుర్తుచేశారు.

వాపు, కమలడం, నవ్వితే లోపల లాగినట్టు ఉండడం మామూలేనని ముందే తెలిసినందువల్ల నేను కంగారుపడలేదు. ఒక బుగ్గపై చిన్న సొట్ట కనిపించినప్పుడు ఫొటో పంపితే, అద్దం ముందు దానిని నొక్కి సరిచేసుకునే ప్రయత్నం చేయవద్దని అదే రోజు జవాబు వచ్చింది. తర్వాత పరీక్షకు పిలిచి, చాలా సొట్టలు రెండు మూడు వారాలలో వాటంతటవే సర్దుకుంటాయని చెప్పి, అప్పటికీ తగ్గకపోతే తామే సరిచేస్తామన్నారు. నాది తగ్గింది. తగ్గవలసిన నొప్పి రోజురోజుకూ పెరగడం, ఎర్రదనంతో పాటు వేడి, చీము, జ్వరం, దారం కొస చర్మం నుంచి బయటికి పొడుచుకురావడం మాత్రం వేచి చూసే విషయాలు కావు. కొస కనిపించినా లాగకూడదు, కత్తిరించకూడదు, క్లినిక్‌కే వెళ్లాలి.

ఇక లోపాలు. ఇంత చక్కగా తెలుగులో చెప్పిన జాగ్రత్తలను చేతికి ఇచ్చిన కాగితంపై మాత్రం ఇంగ్లీషులోనే, అదీ సన్నటి అక్షరాలతో ముద్రించారు. ఇంట్లో వంట చేసే పెద్దవాళ్లు దానిని చదవలేరు. రాత్రి పూట ఫోన్ రిసెప్షన్‌కే వెళుతుంది, అక్కడున్నవారు పొద్దున్నే చెబుతామనడం తప్ప ఏమీ చేయలేరు. అన్నిటికంటే తీవ్రమైనది, బిల్లుతో పాటు ఇచ్చిన ఉచిత ఫేషియల్ కూపన్. దాని గడువు 15 రోజులు. డాక్టరుగారేమో నెల రోజుల వరకు ముఖంపై మసాజ్, నలుగు, ఆవిరి ఏవీ వద్దన్నారు. వైద్యురాలి మాట వినని ఒక్క రోగి ఆ కూపన్ వాడుకున్నా దారాలు జరిగిపోయే ప్రమాదముంది; అలాంటి దానిని అదే క్లినిక్ కౌంటర్‌లో పంచడం క్షమించరానిది.

ఈ లోపాలున్నా డాక్టరుగారి శ్రద్ధ కోసం నేను ఈ చోటును సూచిస్తాను, కానీ ముఖ్యంగా హైదరాబాద్‌లో ఉండేవారికి. కరీంనగర్, ఖమ్మం వంటి ఊళ్ల నుంచి వచ్చేవారు మొదటి పరీక్ష పూర్తయ్యేవరకు నగరంలో ఉండే ఏర్పాటు చేసుకోవాలి. అమెరికా నుంచి కొద్దిపాటి సెలవుపై వచ్చేవారు ప్రయాణానికి ముందు రోజుల్లో కాక, వచ్చిన వెంటనే చేయించుకుంటే సొట్టగానీ ఇన్ఫెక్షన్‌గానీ కనిపించినప్పుడు దారాలు వేసిన వైద్యురాలే చూడగలుగుతారు.