సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) ఇక్కడా, అమెరికాలోనా: రెండు చోట్ల లాగ్‌బుక్‌లతో ఏళ్లు గడిచాక

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల దిక్కు నుంచి పైలట్ కావాలనుకునే పిల్లల ఇళ్లలో మొదటి ప్రశ్న ఒక్కటే: "ఇక్కడ నేర్చుకుంటే ఉద్యోగం వస్తదా, బయటికే పంపాల్నా?" రెండు చోట్ల ఎగిరిన గంటలనూ ఏళ్ల తరబడి దగ్గర నుంచి చూశాక చెప్పేది ఇది. ఇంటర్వ్యూలో ఊరి పేరుకు మార్కులు లేవు. చేతిలో డీజీసీఏ (మన దేశ విమానయాన నియంత్రణ సంస్థ) లైసెన్స్ ఉందా, మల్టీ ఇంజిన్, ఇన్‌స్ట్రుమెంట్ (బయట చూడకుండా మీటర్లతోనే నడపడం) రేటింగ్‌లు చెల్లుబాటులో ఉన్నాయా, సిమ్యులేటర్‌లో చేయి నిలకడగా ఉందా అన్నదే చూస్తారు. అయితే ఇవన్నీ సమయానికి చేతికి రావడం, రాకపోవడం మాత్రం నేర్చుకున్న చోటును బట్టే ఉంటుంది.

ముందు నెలల లెక్క చూడండి. ఒక ట్రైనర్ విమానం రోజుకు 5 గంటల చొప్పున నెలకు 22 రోజులు ఎగిరితే 110 గంటలు. దాన్ని ఆరుగురు పంచుకుంటే తలా 18 గంటలు, లైసెన్స్‌కు కావాల్సిన 200 గంటలకు పదకొండు నెలలు. అదే విమానానికి పదిహేను మంది ఉంటే తలా 7 గంటలు, అంటే రెండేళ్లు దాటుతుంది. బ్రోషర్‌లో 'పది విమానాలు' అని ఉంటుంది. హ్యాంగర్‌లో ఇంజిన్ విప్పి పెట్టినవి, విడిభాగాల కోసం ఆగినవి తీసేసి, ఈరోజు ఎగురుతున్నవి ఎన్నో లెక్కపెట్టాలి.

వాతావరణం కూడా నెలలను మింగుతుంది. ఫ్లయింగ్ స్కూల్ ఉన్న ఉత్తరప్రదేశ్‌లోని ఫుర్సత్‌గంజ్ గంగా మైదానంలో ఉంది. డిసెంబర్, జనవరిలో పొగమంచు పొద్దెక్కినా విడవదు. ఇంకో స్కూల్ ఉన్న మహారాష్ట్రలోని గోండియాలో మంచు బెడద తక్కువే గానీ ఎండాకాలం మన రామగుండంలాగే మండుతుంది. ఆ వేడిలో గాలి పలచబడి చిన్న విమానం ఎక్కడానికి ఆయాసపడుతుంది, మధ్యాహ్నం కుదుపులు వేరే. అందుకే పొద్దున, సాయంత్రమే ఎగరగలరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు ఎలాగూ ఉన్నాయి. ఫ్లోరిడాలోనూ వేసవి మధ్యాహ్నాలు ఉరుములు, మెరుపులే. కాకపోతే అక్కడ ఒక రోజు ఆగిన ఫ్లయింగ్ మరుసటి రోజు దొరుకుతుంది, ఎందుకంటే విమానాలు, రన్‌వేలు ఎక్కువ. అమెరికాలో బాగా నచ్చేది అదే.

ఇక అమెరికా గంటలు ఇండియాలో ఎక్కడ చిక్కుకుంటాయో చెప్పాలి, ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. అక్కడ పార్ట్ 141 స్కూల్లో (ప్రభుత్వం ఆమోదించిన సిలబస్‌తో నడిచేది) 190 గంటలకే కమర్షియల్ లైసెన్స్ ఇస్తారు. డీజీసీఏకు 200 కావాలి, అందులో 100 పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదే అయిన పైలట్‌గా. 20 గంటలు క్రాస్ కంట్రీ (ఒక ఏరోడ్రోమ్ నుంచి దూరంలోని ఇంకోదానికి ఎగరడం), అందులో ఒకటి 300 నాటికల్ మైళ్లు, దారిలో వేరే రెండు ఏరోడ్రోమ్‌లలో పూర్తిగా దిగి ఆగాలి. ఇన్‌స్ట్రుమెంట్ 10 గంటలు. రాత్రి 5 గంటలు, పది టేకాఫ్‌లు, పది ల్యాండింగ్‌లు. అసలు చిక్కు, ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లోని కమాండ్ కాలమ్‌లో ఉంది. ప్రైవేట్ లైసెన్స్ వచ్చాక పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చున్నా, కంట్రోల్స్ నీ చేతిలో ఉంటే ఆ గంటను కమాండ్‌గా రాసుకోవచ్చని అమెరికా నిబంధన. బయట కనిపించకుండా కళ్లకు హుడ్ పెట్టుకుని ఒకరు నడుపుతూ, బయట చూసే సేఫ్టీ పైలట్‌గా ఇంకొకరు కూర్చుంటే ఇద్దరూ కమాండ్ రాసుకునే వీలుంది. డీజీసీఏ దగ్గర ఇన్‌స్ట్రక్టర్ ఉన్న గంట డ్యూయల్ (శిక్షణ) కిందే లెక్క. 120 అనుకుని దిగిన కమాండ్ గంటలు ఇక్కడ 85గా తేలితే, మిగతా 15 మళ్లీ డబ్బు కట్టి ఎగరాలి. అందుకే మొదటి రోజు నుంచే సోలో గంటలకు వేరే కాలమ్ పెట్టుకోండి. స్కూల్ వదిలే ముందు ప్రతి పేజీ మీద చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ సంతకం, ముద్ర వేయించుకోండి. తిరిగొచ్చాక ఈమెయిల్‌తో అడిగితే ఎన్ని వారాలు పడుతుందో చెప్పలేం.

పరీక్షలూ తప్పవు. విదేశీ లైసెన్స్ ఉన్నవాళ్లు ఎయిర్ రెగ్యులేషన్స్‌తో పాటు నావిగేషన్, మెటియరాలజీ కలిపిన పేపర్ రాయాలి, 70 శాతం వస్తేనే పాస్. ఇంటర్ ఎంపీసీ పుస్తకాల వాసన పోకముందే, ఇక్కడే ఇవి పూర్తి చేసి అమెరికా విమానం ఎక్కినవాళ్లు చాలా ముందుంటారు. అప్లికేషన్‌కు ముందు ఆరు నెలల్లో కమాండ్‌గా 15 గంటలు ఉండాలి కాబట్టి, పేపర్లు మిగిలిపోతే గంటలు పాతబడి ఖర్చు తడిసి మోపెడవుతుంది.

రేడియో తేడా చిన్నదే గానీ చెవికి వెంటనే తగులుతుంది. ఫ్రీక్వెన్సీ చదివేటప్పుడు అమెరికాలో 'పాయింట్' అంటారు, మనకు 'డెసిమల్'. ఎత్తు చూపే ఆల్టిమీటర్‌కు పెట్టే గాలి పీడనం వాళ్లకు అంగుళాల్లో 29.92, మనకు హెక్టోపాస్కల్‌లో 1013. ఆర్‌టీఆర్ (రేడియోలో మాట్లాడే లైసెన్స్) పరీక్షలో పాత అలవాటు నోట్లోంచి జారిపోతుంది. నెల రోజులు రోజూ అరగంట గట్టిగా చదివితే పోతుంది, పెద్ద లోపం కాదు.

చోటు నిజంగా ఉద్యోగాన్ని మార్చేది ఒక్క సందర్భంలోనే: ఎయిర్‌లైన్ కాడెట్ ప్రోగ్రామ్. అక్కడ స్కూలును ఎయిర్‌లైనే నిర్ణయిస్తుంది, టైప్ రేటింగ్ (ఒక రకం పెద్ద విమానం నడిపే అర్హత) దాకా దారి ముందే గీసి ఉంటుంది. ఖర్చు ఎక్కువ. ఆఫర్ లెటర్‌లో 'షరతులకు లోబడి' అన్న వాక్యం కింద ఏమేం ఉన్నాయో లాయర్‌తో చదివించుకోవాలి.

వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్ట్‌కు 2025లో కేంద్రం ఒప్పుకుంది కదా, అక్కడే ఫ్లయింగ్ స్కూల్ వచ్చేదాకా ఆగుదామనేవాళ్లున్నారు. ఆగొద్దు. కాజీపేటలో రైలెక్కి బల్లార్షాలో గోండియా బండి మారితే ఒక స్కూల్ కళ్లతో చూసి రావచ్చు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టేముందు పైలట్ల వైద్య పరీక్షలైన క్లాస్ 2 మెడికల్, వెంటనే క్లాస్ 1 చేయించండి. చూపులోనో ఈసీజీలోనో తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. ఏ స్కూల్‌కెళ్లినా మూడు రోజులు ఉండి, ముగ్గురు విద్యార్థులను చేరిన తేదీ, ఇవాళ్టి గంటలు అడగండి. ఫీజు ఒకేసారి కట్టమంటే, ఎగిరిన గంటల ప్రకారం వాయిదాలు రాసిస్తేనే సంతకం పెట్టండి.