అరవై దాటిన కండకు ఏది మేలు: ప్రోటీన్ పొడా, బరువుల వ్యాయామమా?

కాళ్లలో సత్తువ తగ్గిందని ఫోన్‌లో అమ్మ అనగానే, హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఆన్‌లైన్‌లో ప్రోటీన్ డబ్బా బుక్ చేసేస్తాడు. ప్రేమతోనే చేస్తాడు. కానీ ముందు కావలసింది డబ్బా కాదని నా గట్టి అభిప్రాయం.

1994లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలోని 100 మందిపై చేసిన పరిశోధన ఫలితాలు వచ్చాయి. వాళ్ల సగటు వయసు 87. కొందరికి బరువులతో కాళ్ల వ్యాయామం, కొందరికి పోషకాల డ్రింకు, కొందరికి రెండూ, ఇంకొందరికి ఏదీ లేదు. పది వారాల్లో వ్యాయామం చేసినవాళ్ల బలం రెట్టింపు దాటింది. డ్రింకు ఒక్కటే తాగినవాళ్లకు బలం పెరగలేదు. అది ఒట్టి ప్రోటీన్ కాదు, ఎక్కువగా పిండిపదార్థమే. అయినా కదలిక లేని కండకు తిండి ఒక్కటే బలం ఇవ్వదని బాగానే తెలుస్తోంది.

శ్రీకాకుళం కోడి రామ్మూర్తి స్టేడియంలో పొద్దున్నే నడిచే పెద్దలు చాలామంది, నడక చాలదా అంటారు. గుండెకూ షుగర్‌కూ నడక మంచిదే. కండ బలానికి మాత్రం చాలదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం రెండు రోజులు బలం పెంచే వ్యాయామం విడిగా చెయ్యమంటోంది.

దానికి జిమ్ అక్కర్లేదు. గోడకు ఆనించిన కుర్చీలో కూర్చుని, చేతులు గుండెల మీద కట్టుకుని, వీలైనంత వేగంగా ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు, ఆపైన పడితే కాళ్లు బలహీనపడ్డాయని అనుమానించాలి. మా పెద్దమ్మ మొదట కుర్చీ చెయ్యి పట్టుకోకుండా లేవలేకపోయేది. కుర్చీలో దిండు వేసి ఎత్తు పెంచాం. అలవాటయ్యాక దిండు తీసేశాం. ఇప్పుడు రెండు చేతుల్లో నీళ్ల బాటిళ్లు పట్టుకుని లేస్తుంది. అలా కొంచెం కొంచెం కష్టం పెంచుతూ పోతేనే కండ బలపడుతుంది.

పొడి దండగ అనను. పళ్లు ఊడి, ఆకలి చచ్చి, గుడ్డు కూడా ముట్టని వాళ్లకు అది ఆసరా. పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ మంచిదని నిపుణుల మాట. 55 కిలోల మనిషికి 55 నుంచి 66 గ్రాములు. మన ఇళ్లలో పెద్దలు పొద్దున చోడి (రాగి) అంబలి, మధ్యాహ్నం చారన్నం, రాత్రి మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటే అంత అందడం కష్టం. గుడ్డులో 6 గ్రాములు, వండని 100 గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాములు ఉంటాయి. గుడ్డు, ఉలవలు, పెసరట్టు, చేపల పులుసు, గడ్డపెరుగు పూటపూటకూ పంచి పెట్టి, అప్పటికీ చాలకపోతే పొడి సంగతి చూడొచ్చు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకు మాత్రం గట్టిగా చెబుతున్నాను. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని పట్టుకుందో అందరికీ తెలుసు. అది మొదట్లో ఏ బాధా చూపించదు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు, డయాలసిస్ మొదలుకాకముందు, డాక్టర్లు సాధారణంగా ప్రోటీన్ తగ్గించమంటారు. డయాలసిస్ మొదలైతే ఆ లెక్కే మారిపోతుంది. కాబట్టి అక్కడున్న అమ్మానాన్నలకు డబ్బా పంపే ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్షలు చేయించి, ఆ రిపోర్టు డాక్టర్‌కు చూపించండి. కుర్చీ వ్యాయామం మొదలుపెట్టడానికి రిపోర్టు వచ్చేదాకా ఆగక్కర్లేదు. గుండెజబ్బో, మోకాళ్ల ఆపరేషనో ఉంటే మాత్రం అదీ ఒకసారి అడిగే మొదలుపెట్టాలి.