ఇళ్ళు చూపించే పోర్చుగల్ టూర్లతో జాగ్రత్త: ఐదు వేల యూరోలు పోగొట్టుకున్నాం

పోర్చుగల్‌లో స్థిరపడాలనే ఆలోచనతో, ముందు ఒకసారి చూసొద్దామని టూర్ ప్యాకేజీ బుక్ చేయబోతున్నవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. చూడకుండా వెళ్ళిపోవడం కంటే చూసి రావడం ఎప్పుడూ మేలే. కాకపోతే మాకు ఆ దేశాన్ని చూపించినవాడు ఇల్లు అమ్మేవాడు. పెళ్ళిచూపులకి పెళ్ళిళ్ళ పేరయ్యే వ్యాన్ కట్టించుకుని తీసుకెళ్ళినట్టు అయింది.

ఈ సెప్టెంబర్‌లో ఒక కన్సల్టెన్సీ వాళ్ళ ఆరు రోజుల టూర్‌కి ఇద్దరికీ కలిపి 2,400 యూరోలు కట్టాం. విమానం టికెట్లు అదనం. లిస్బన్ ఎయిర్‌పోర్టులో వ్యాన్ ఎక్కించుకుని, ఉత్తరాన దాదాపు వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న సావ్ మార్టిన్యు దు పోర్తు అనే ఊరికి తీసుకెళ్ళారు. ఊరు అందంగా ఉంటుంది, అందులో అబద్ధం లేదు. సముద్రం గుల్ల ఆకారంలో లోపలికి వచ్చి, పెద్ద కెరటాలేవీ లేకుండా చెరువులా ఉంటుంది. సాయంత్రం ఏడు దాటినా వెలుతురే.

ఆరు రోజుల్లో పదకొండు ఇళ్ళు చూపించారు. సూపర్ మార్కెట్ గానీ, ఆరోగ్య కేంద్రం గానీ, రైల్వే స్టేషన్ గానీ ఒక్కసారి కూడా చూపించలేదు. అడిగితే "అవన్నీ వచ్చాక మీరే చూసుకుంటారు సార్" అన్నారు. ‘ఇక్కడ హాయిగా స్థిరపడ్డ దంపతులు’ అని ఒక జంటను భోజనానికి పిలిచారు. ఇల్లు అమ్ముడుపోతే వాళ్ళకీ వాటా ఉందని తర్వాత తెలిసింది.

ఐదో రోజు సాయంత్రం, మూడో అంతస్తులో సముద్రం కనిపించే టీ3 ఫ్లాట్ చూపించారు. టీ3 అంటే మూడు బెడ్‌రూములు. లోపల కొత్త పెయింట్ వాసన గుప్పున కొట్టింది. కొత్తగా రంగు వేయించారని మురిసిపోయాం తప్ప, ఎందుకు వేయించారని మాకు తట్టలేదు. రేపు పొద్దున ఇంకో పార్టీ చూడ్డానికి వస్తోందని మమ్మల్ని తిప్పిన కన్సల్టెన్సీ అతను చెప్పి, "ఇక్కడ ఇల్లుంటే రెసిడెన్సీ సగం వచ్చినట్టే సార్" అని ఇంకో మాట వదిలాడు.

అది పచ్చి అబద్ధం. ఇల్లు కొంటే గోల్డెన్ వీసా (పెట్టుబడి పెట్టినవాళ్ళకి ఇచ్చే రెసిడెన్సీ, అంటే అక్కడ నివసించే అనుమతి) ఇచ్చే దారిని 2023 అక్టోబర్‌లోనే మూసేశారు. పెన్షన్, అద్దెల్లాంటి ఆదాయం ఉన్నవాళ్ళకి డీ7, బయటి దేశపు కంపెనీకి ఆన్‌లైన్‌లో పనిచేసేవాళ్ళకి డీ8 వీసాలు ఉన్నాయి. రెండింటికీ ముఖ్యంగా చూసేది ఆదాయమే. డీ8కి అయితే అక్కడి కనీస వేతనానికి నాలుగు రెట్లు ఉండాలి. ఉండటానికి ఒక చోటు చూపించాలి కానీ అది అద్దె ఇల్లయినా సరిపోతుంది. ఈ మాత్రం చదువుకోకుండా వెళ్ళడం నా తప్పే, ఒప్పుకుంటాను. ఆ రాత్రి హోటల్ లాబీలో కూర్చుని రిజర్వేషన్ కింద 5,000 యూరోలు ట్రాన్స్‌ఫర్ చేశాను. కొనుగోలు అగ్రిమెంట్ మీద సంతకానికి అరవై రోజుల గడువు పెట్టారు.

మా ఆవిడ మాత్రం సంతకం పెట్టేముందు ఇంకోసారి మనమిద్దరమే వెళ్దామని పట్టుబట్టింది. ఖర్చు దండగ అని నేను గొణిగాను. నవంబర్ చివర్లో వెళ్ళి, అదే వీధిలో వారానికి ఒక ఫ్లాట్ అద్దెకి తీసుకున్నాం.

వెళ్ళిన రోజు నుంచీ వాన. ఐదుంపావుకి పొద్దు గుంకిపోయింది. సెప్టెంబర్‌లో కళకళలాడిన వీధిలో సగం రెస్టారెంట్లు మూసేసి ఉన్నాయి. ఎదురు బిల్డింగులో దీపం వెలిగిన కిటికీలు లెక్కపెడితే నాలుగే. మిగతావన్నీ వేసవికి వచ్చిపోయేవాళ్ళ ఇళ్ళు. ఇక చలి సంగతి. బయట పద్నాలుగు డిగ్రీలు, అదేమంత చలి అంటారు. ఇంట్లోనూ పద్నాలుగే! అక్కడి పాత ఇళ్ళలో చాలావాటికి సెంట్రల్ హీటింగ్ ఉండదు, గోడలు చలిని ఆపవు. స్వెట్టర్, సాక్సులు వేసుకుని పడుకున్నాం. ఉతికిన తువ్వాలు మూడు రోజులకీ ఆరలేదు. హాల్లో గాలిలోని తేమ లాగే మెషీన్ ఒకటి పెట్టారు. రాత్రి ఆన్ చేసి పడుకుంటే పొద్దున్నకి దాని డబ్బాలో రెండు లీటర్ల నీళ్ళు చేరాయి.

నాలుగో రోజు మేం రిజర్వ్ చేసుకున్న ఫ్లాట్ తాళం తీయించాం. పెయింట్ వాసన పోయి, తడి గోనెసంచి వాసన వస్తోంది. మా ఆవిడ పడకగదిలోని చెక్క అలమరను గోడ నుంచి జానెడు ఇవతలికి లాగింది. వెనక గోడ మీద మోకాలెత్తు వరకు నల్లగా బూజు. వేలితో తాకితే పెయింట్ పొరలుగా ఊడొచ్చింది. తాళం తెచ్చిన కుర్రాడు తల దించుకుని "ఇంవెర్ను" అన్నాడు. అంటే చలికాలం.

టూర్ వాళ్ళు చూపించిన లాయర్‌ని పక్కనపెట్టి, దగ్గర్లోని కల్దాస్ ద రైన్య అనే ఊళ్ళో ఒక లాయరమ్మని మేమే వెతుక్కున్నాం. ఆవిడ ముందు తీయించింది రెండు కాగితాలు. ఒకటి సెర్తిదావ్ పెర్మనెంత్. ఓనర్ ఎవరు, అప్పులున్నాయా అని చెప్పే, మన ఈసీ లాంటిది. రెండోది కదెర్నెత ప్రెదియాల్, పన్నుల ఆఫీసు రికార్డు. అందులో ఆ ఇల్లు టీ3 కాదు, టీ2. మూడో బెడ్‌రూమ్ అని మాకు చూపించింది, అనుమతి లేకుండా అద్దాలు బిగించి మూసిన బాల్కనీ! పైగా ఇల్లు వాడుకోవడానికి ఇచ్చే లైసెన్సును 2024 నుంచి రిజిస్ట్రేషన్‌లో చూపించనక్కర్లేదట. కాబట్టి ఇలాంటివి ఎవరూ ఆపరు, కొనేవాళ్ళే వెతికి పట్టుకోవాలి.

ఇంతకన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. లాయరమ్మ ఆ ఇంటి ఓనర్‌కి ఫోన్ చేస్తే, రిజర్వేషన్ సంగతే తనకి తెలియదన్నాడు. మా ఐదు వేలు నేరుగా కన్సల్టెన్సీ ఖాతాకి వెళ్ళాయి, ఆయన చేతికి పైసా అందలేదు. అక్కడ ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెన్సీకి ఇంపిక్ అనే ప్రభుత్వ సంస్థ ఇచ్చే ఏఎంఐ లైసెన్స్ నంబర్ ఉండాలి, దాన్ని ఇంపిక్ సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. వీళ్ళకి ఆ నంబరే లేదు. పోర్చుగల్‌లో ప్రతి దుకాణం, ఆఫీసు కస్టమర్ అడిగితే ఫిర్యాదుల పుస్తకం ఇవ్వాలి. వీళ్ళకి అక్కడ ఆఫీసే లేదు, ఇక పుస్తకం ఎవరినడగాలి? ఈమెయిళ్ళకి మొదట్లో "చూస్తున్నాం సార్" అని జవాబొచ్చేది. ఇప్పుడు అదీ లేదు.

అగ్రిమెంట్ దాకా వెళ్ళకపోవడం మా అదృష్టం. సీపీసీవీ అనే ఆ ఒప్పందం మీద సంతకం పెడితే మామూలుగా ధరలో పది శాతం అడ్వాన్స్ కట్టాలి. మా లెక్కన ముప్పై వేలు దాటేది. తర్వాత కొనేవాడు వెనక్కి తగ్గితే అది పోయినట్టే. అమ్మేవాడు తగ్గితే రెట్టింపు ఇవ్వాలని చట్టం ఉంది కానీ, ఆ కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక ఎవరికి?

ఇల్లు చూపించడానికి ఎవరైనా ఉచితంగా గానీ తక్కువకి గానీ తీసుకెళ్తామంటే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి, బ్యాంక్ యాప్ మాత్రం తెరవకండి. ఆ ప్రయాణాన్ని దేశం చూసినట్టుగా లెక్కలో వేసుకోకండి. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంగెన్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజుల వరకు ఉండనిస్తారు. వీసాలో అన్ని రోజులు ఇస్తే, అందులో కొన్నైనా చలికాలంలో పెట్టుకోండి. హోటల్ వద్దు, అద్దె ఇంట్లో ఉండి బట్టలు ఉతుక్కోండి, బస్సెక్కండి, మందుల షాపులో భాష రాకుండా జ్వరం మాత్ర కొని చూడండి. అలమర కనిపిస్తే వెనక్కి తొంగిచూడటం మర్చిపోవద్దు.

పోర్చుగల్ మీద మా మనసు మాత్రం విరగలేదు. జనవరి నుంచి ఆరు వారాలకి కల్దాస్‌లో ఒక టీ1 అద్దెకి మాట్లాడుకున్నాం. హీటర్ ఉందా అని మా ఆవిడ ముందే మెసేజ్ పెట్టింది. "ఒకటుంది, ఇంకోటి మీరు కొనుక్కోవాల్సి వస్తుంది" అని ఇల్లుగలావిడ జవాబిచ్చింది. మూడు నెలల్లో ఆ దేశం గురించి మాకు ఒకరు ఉన్నదున్నట్టు చెప్పడం అదే మొదటిసారి.