క్యాట్ 6 అని చెప్పి అల్యూమినియం కేబుల్ అంటగడుతున్నారు, జాగ్రత్త

ఇంటికి నెట్‌వర్క్ వైరింగ్ చేయించుకునే వాళ్లు ఇది చదివాకే కేబుల్ కొనండి. సికింద్రాబాద్‌లో మనలో చాలామంది వెళ్లే షాపే, పేరు రాయను. "ప్యూర్ కాపర్ కావాలి" అని అడిగి మరీ క్యాట్ 6 (నెట్‌వర్క్ కేబుల్లో ఒక రకం), 305 మీటర్ల బాక్సు తీసుకున్నాం. రాగి రేటే కట్టాం. గోడల్లో పైపుల్లోంచి లాగించాం, పెయింటింగ్ కూడా అయిపోయింది.

ఇంట్లో దిగాక మొదలైంది. పై గదిలో లింకు స్పీడు 1000 ఎంబీపీఎస్ రావాల్సింది 100 దగ్గరే ఆగిపోతోంది. రూటర్ మార్చాం, స్విచ్ మార్చాం, అదే వరస. గేటు దగ్గరి కెమెరా పగలంతా బాగానే ఉంటుంది. చీకటి పడి దాని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగాయంటే చాలు, రాత్రంతా ఆగిపోవడం, మళ్లీ ఆన్ అవడం. దానికి కరెంటు కూడా ఆ కేబుల్లోంచే, పిఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) పద్ధతిలో వెళ్తుంది మరి.

చివరికి మా టెక్నీషియన్ మిగిలిన ముక్కలోంచి ఒక తీగ తీసి బ్లేడుతో గీకాడు. పైన పల్చటి రాగి పూత, లోపల తెల్లగా మెరుస్తూ అల్యూమినియం. అటూ ఇటూ వంచితే పుటుక్కున విరిగింది. దీన్నే సీసీఏ (కాపర్ క్లాడ్ అల్యూమినియం) అంటారు. రాగి కంటే రెసిస్టెన్స్ సగానికి పైగా ఎక్కువ, అందుకే దూరం పెరిగేకొద్దీ వోల్టేజి పడిపోతుంది. గిగాబిట్‌కి, అంటే ఆ 1000 స్పీడుకి, కేబుల్లోని నాలుగు జతల తీగలూ పనిచేయాలి. సాకెట్‌లో బ్రౌన్ జతలో ఒక్క తీగ విరిగినా స్పీడు 100కి దిగిపోతుంది. మా పై గదిలో జరిగింది అదే.

ముక్క పట్టుకుని షాపుకి వెళ్లాను. షాపాయన దాన్ని చేతిలోకి కూడా తీసుకోలేదు. "ఇళ్లకి అందరూ ఇదే వేస్తారండీ. నెట్ వస్తోందిగా, ఇంకేం కావాలి? వైఫై 6 పెట్టుకోండి, వైర్లతో పనేముంది" అన్నాడు. పైన పెట్టే యాక్సెస్ పాయింటుకి (వైఫై ఇచ్చే డబ్బాకి) నెట్ వెళ్లేది ఆ కేబుల్లోంచే కదా! "ప్యూర్ కాపర్, గ్యారంటీ నాది సార్" అని బాక్సు మీద చెయ్యి వేసి చెప్పిన మనిషే "నేనెప్పుడన్నాను?" అని అడిగాడు. బిల్లు మీద చూస్తే కాపర్ అన్న మాటే లేదు. నేనింకా మాట్లాడుతుండగానే పక్కనున్న కస్టమర్ వైపు తిరిగి అదే రకం బాక్సు తీసి చూపించడం మొదలుపెట్టాడు. ఒళ్లు మండిపోయింది. ఆ అబ్బాయికి అక్కడే ముక్క చూపించి విషయం చెప్పేశాను.

బిల్లు మీద "సాలిడ్ కాపర్" అని రాయించుకోండి. డబ్బు కట్టకముందే కేబుల్ కొస గీకించి చూడండి. బాక్సు తేలిగ్గా అనిపిస్తే వదిలేయండి. నేను కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. పాత కేబుల్‌కే కొత్తది కట్టి పైపులోంచి లాగొచ్చని మా టెక్నీషియన్ అంటున్నాడు. ఎవరైనా అలా చేయించి ఉంటే చెప్పండి, గోడలు పగలగొట్టే పని తప్పుతుంది.