ఇంట్లో కుట్టిన జెర్సీ డ్రెస్సు: బాగా వాడి, ఉతికి చూశాక

ముందే తేల్చి చెప్తా: జెర్సీ డ్రెస్సు ఎన్నాళ్లు నిలుస్తుందో భుజం దగ్గరే తేలిపోతుంది. ఒకే కొలతతో కుట్టిన డ్రెస్సుల్లో భుజం కుట్టులో నాడా (సాగని సన్నటి కాటన్ పట్టీ) వేసినవి ఇప్పటికీ ఒంటి మీద సరిగ్గా కూర్చుంటున్నాయి. నాడా వేయనివి మెడ జారి, భుజం కుట్టు జబ్బ మీదికి దిగి, ఇంట్లో నైటీలాగా వాడుకోవడానికే మిగిలాయి. గుడ్డ అదే, దారం అదే, మిషనూ అదే.

డ్రెస్సు మోకాలి కిందిదాకా వస్తుంది. గుండ్రటి మెడ, ముప్పావు చేతులు, నడుము దగ్గర కుట్టు. గుడ్డ 95 శాతం కాటన్, 5 శాతం లైక్రా (సాగే నూలు), 200 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు. మన నల్లగొండ, పాలమూరు వైపు దర్జీల చెయ్యి పడుగు పేకల బట్టకు అలవాటు పడ్డది. పోచంపల్లి, నారాయణపేట చీరల మీదికి జాకెట్టు కుట్టేటప్పుడు టక్స్ వేసి, లూజు పెట్టి ఫిట్టింగ్ తెస్తారు. జెర్సీ మగ్గం బట్ట కాదు, అల్లిక బట్ట. నూలు లూపులు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి, అవి సాగి ఒంటిని పట్టుకుంటాయి. జాకెట్టు లెక్కన లూజు పెట్టి కత్తిరిస్తే చంక కింద సంచి వేలాడుతుంది.

గుడ్డ కొనేటప్పుడు రంగు కంటే ముందు సాగుడు చూడాలి. అడ్డం వైపు మడిచి 4 అంగుళాలు పట్టుకుని లాగితే తేలిగ్గా 6 అంగుళాల దాకా రావాలి. అసలు పరీక్ష వదిలాక ఉంటుంది: మళ్లీ 4 అంగుళాలకే చేరాలి. నాలుగుంపావు దగ్గర ఆగిపోతే ఆ గుడ్డ కూర్చున్న చోటల్లా ఉబ్బుతుంది, గంట సేపు కుర్చీలో కూర్చుని లేస్తే వెనక గుంత కనిపిస్తుంది. లైక్రా లేని పలచటి విస్కోస్ జెర్సీ చేతికి పట్టులాగా తగులుతుంది కానీ బరువుకు కిందికి సాగిపోతుంది, మొదటిసారి కుట్టేవాళ్లు దాని జోలికి పోవద్దు. ఇట్లాంటి అల్లిక గుడ్డను (హోజరీ అంటారు) కిలోల లెక్కన అమ్మితే లెక్క ఇట్లా: 200 జీఎస్ఎం, 72 అంగుళాల పన్నా అయితే కిలోకు దాదాపు రెండుంముప్పావు మీటర్లు. ఈ డ్రెస్సుకు రెండు మీటర్లు చాలు. గొట్టంలాగా వచ్చే గుడ్డ అయితే మడత గీత ఎంత ఇస్త్రీ చేసినా పూర్తిగా పోదు, అది ఎదురు భాగం మీదికి రాకుండా పరుచుకోవాలి.

కత్తిరించే ముందు రెండుసార్లు ఉతికి ఆరబెట్టాలి. కాటన్ జెర్సీ పొడవులో ఎక్కువ కుంచించుకుంటుంది. మీటరుకు రెండంగుళాలు తగ్గినా ఆశ్చర్యం లేదు. ఒక్కసారి ఉతికితే మొత్తం తగ్గదు. ఉతికాక గుడ్డ ఓరగా మెలి తిరిగిందా అనేది కూడా అప్పుడే బయటపడుతుంది. అంచును నమ్మి మడవకూడదు, నిలువుగా కనిపించే లూపుల వరుస ఒకటి పట్టుకుని దాని వెంట మడవాలి. ఇది చూడకుండా కత్తిరించిన డ్రెస్సులో పక్క కుట్టు నాలుగు ఉతుకులకు తొడ ముందుకు వచ్చేస్తుంది, తర్వాత ఎవరూ సరిచేయలేరు.

సింగిల్ జెర్సీ కత్తిరించగానే అంచులు చుట్టుకుంటాయి: పక్క అంచులు వెనక్కి, పై కింది అంచులు ముందుకు. దీనికి మన ఇంటి మందే ఉంది. పలచటి గంజితో అంచు వెంట అంగుళం మేర తడిపి, ఆరాక ఇస్త్రీ చేస్తే అంచు కాగితంలాగా నిలబడుతుంది. కుట్టడం అయ్యాక ఒక ఉతుకుకు పోతుంది. గుండుసూదులు లూపులను తెంపుతాయి, దండెం క్లిప్పులు వాడితే చాలు.

కొలతల్లో జాకెట్టు అలవాటును పక్కన పెట్టాలి. ఛాతీ 36 అయితే డ్రెస్సు చుట్టు కొలత 35 చాలు. నడుముకు ఒంటి కొలతే, పిర్రల దగ్గర మూడంగుళాల లూజు. భుజం ఎముక నుంచి ఎముకకు కొలిచి మొత్తం మీద అర అంగుళం తగ్గించాలి. చంక గుంత జాకెట్టు కంటే అర అంగుళం పైకి ఉండాలి. కిందికి ఉంటే చెయ్యి ఎత్తినప్పుడల్లా డ్రెస్సు మొత్తం లేస్తుంది. నడుము పై భాగం పొడవు కొలిచిన దానికంటే అర నుంచి ముప్పావు అంగుళం తక్కువ కత్తిరించాలి, ఎందుకంటే కింది ఘేరా బరువు దాన్ని ఎట్లాగూ దించుతుంది. ఆ నడుము కుట్టులో పావు అంగుళం వెడల్పు పారదర్శక ఎలాస్టిక్ లాగకుండా కలిపి కుడితే ఘేరా బరువు ఎలాస్టిక్ మోస్తుంది, గుడ్డ మోయదు.

ఇక భుజం. వెనక భాగం మీద కుట్టు వచ్చే చోట పావు అంగుళం కాటన్ నాడాను, నమూనా కాగితం మీది భుజం కొలతకు సరిగ్గా కోసి, ముందు దాన్ని కచ్చా కుట్టు వేసుకోవాలి. గుడ్డను నాడాకు సరిపెట్టాలి గానీ, నాడాను గుడ్డ పొడవుకు సాగదీయొద్దు. నాడా కూడా ముందు తడిపి ఆరబెట్టిందే అయి ఉండాలి, లేకపోతే ఉతికాక అది కుంచించుకుని భుజం మీద చిన్న ముడతలు తేలుతాయి. కొందరు ఇక్కడ కూడా ఎలాస్టిక్ వేస్తారు. ఎండల్లో దాని పట్టు సడలుతుంది, కాటన్ నాడాకు ఆ బాధ లేదు.

సూది మార్చకుండా జెర్సీ మొదలుపెట్టొద్దు. మామూలు సూది మొన లూపును కోస్తుంది. చిల్లు వెంటనే కనిపించదు, ఉతికాక నిచ్చెనలాగా జారుతుంది. మొన గుండ్రంగా ఉండే బాల్ పాయింట్ లేదా స్ట్రెచ్ సూది, 11 నంబరు వేయాలి. కుట్టు మధ్యమధ్య వదిలేస్తుంటే దారం టెన్షన్ తిప్పే ముందు స్ట్రెచ్ సూది వేసి చూడండి, చాలాసార్లు అక్కడికే సరిపోతుంది. దారం పాలిస్టర్, కాటన్ దారం కుట్టుతో పాటు సాగక తెగుతుంది. జిగ్‌జాగ్ మిషన్ అయితే వెడల్పు అర మిల్లీమీటరు, పొడవు రెండున్నర. నేరు కుట్టు మాత్రమే వేసే పాత నల్ల మిషన్ మీదా కుట్టొచ్చు: అంగుళానికి పది కుట్లు, పై దారం కొద్దిగా వదులు, గుడ్డను ముందూ వెనకా సమానంగా పట్టి కొంచెం లాగుతూ పోనివ్వాలి. పక్క కుట్లు, చేతులు అట్లా నిలిచాయి. తల దూర్చే మెడ దగ్గర మాత్రం నిలవవు.

కుట్టు అలలు తేలడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: సూది దగ్గర గుడ్డను పట్టి ఉంచే ఫుట్ గట్టిగా నొక్కుతోంది. కింద పళ్లు గుడ్డను లాగుతుంటే పైన ఫుట్ ఆపుతుంది, మధ్యలో గుడ్డ సాగుతుంది. నల్ల మిషన్‌కు పైన ఉండే స్క్రూ రెండు మూడు చుట్లు వదులు చేస్తే తేడా తెలుస్తుంది. కుట్టు మొదట్లో గుడ్డను పళ్లు మింగేస్తుంటే కింద తెల్ల కాగితం ముక్క పెట్టి కుట్టి, తర్వాత చింపేయాలి. న్యూస్ పేపర్ అయితే సిరా అంటుతుంది.

మెడ పట్టీ కొలతకు లెక్క ఉంది. మెడ చుట్టు 22 అంగుళాలు ఉంటే పట్టీ అందులో 85 శాతం, అంటే దాదాపు పద్దెనిమిదింముప్పావు. కలిపే మార్జిన్‌కు ఇంకో అర అంగుళం. వెడల్పు ఒకటింముప్పావు, మడిచి పావు అంగుళం మార్జిన్‌తో కుడితే బయటికి అర అంగుళం పైచిలుకు కనిపిస్తుంది. పట్టీని, మెడను నాలుగు భాగాలుగా గుర్తు పెట్టి, పట్టీని మాత్రమే లాగుతూ కుట్టాలి. పట్టీ పొడవైతే మెడ ముందుకు వాలుతుంది, పొట్టిదైతే చుట్టూ ముడతలు పడతాయి.

ఫిట్టింగ్ చూసేటప్పుడు పక్కలు కచ్చా కుట్టు వేసి, తొడుక్కుని పావుగంట తిరిగాకే అద్దం చూడాలి. ఒంటి వేడికి, బరువుకు గుడ్డ దిగాకే అసలు రూపం తెలుస్తుంది. ఛాతీ నుంచి నడుము వైపు ఏటవాలు గీతలు పడి, ముందు అంచు పైకి లేస్తే ముందు పొడవు చాలలేదని అర్థం. ముందు భాగానికి పక్కన ముప్పావు అంగుళం పెంచి, ఛాతీ ఎత్తులో మూడంగుళాల మేర ఆ ఎక్కువను వెనక భాగంలోకి ఒదిగించి కుట్టాలి, టక్ అక్కర్లేదు. వీపు కింద, నడుము మీద అడ్డ మడత పడితే వెనక మధ్యలో అర అంగుళం తగ్గించి పక్కలకు వచ్చేసరికి సున్నా చేయాలి. పక్కలు బిగించి ఈ మడతను పోగొట్టాలని చూస్తే ఇంకా పెరుగుతుంది.

కింద మడవడానికి తొందరపడొద్దు. ఒక రాత్రంతా వేలాడదీసి, నేల నుంచి కొలిచి సమం చేశాక అంగుళం మడిచి జంట సూదితో కుట్టాలి. జంట సూది నల్ల మిషన్ ప్లేటు గుండ్రటి రంధ్రంలో పట్టదు, జిగ్‌జాగ్ మిషనే కావాలి. అది లేకపోతే చేతితో వదులుగా వేసిన మడత కుట్టు నేరు మిషన్ కుట్టు కంటే ఎన్నో రెట్లు మేలు. నేరు కుట్టు వేసిన అంచు మెట్లెక్కేటప్పుడు మడమ తగిలి తెగింది.

వాడకంలో గుడ్డను పాడుచేసింది ఎండ, ఉప్పు నీళ్లు. బోరు నీళ్లలో సబ్బు బిళ్లతో ఉతికితే తెల్లటి తెట్టు లూపుల్లో చేరి గుడ్డ బిరుసెక్కుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వచ్చే పూట డిటర్జెంటుతో ఉతికితే మెత్తదనం నిలుస్తోంది. బ్లీచింగ్ లైక్రాకు విషం. ఏప్రిల్, మే ఎండల్లో బయట ఆరేసినవాటి సాగుడు తొందరగా పోయింది, నీడలో ఆరేసినవి బాగున్నాయి. తడి డ్రెస్సును హ్యాంగర్‌కు తగిలించొద్దు, నడుము దగ్గర మడిచి దండెం మీద వేయాలి. స్కూటర్ సీటు రాసుకునే చోట, బ్యాగు ఒరుసుకునే చోట నూగు ఉండలు కడతాయి, కాటన్ జెర్సీకి అది తప్పదు.

మిగిలిన గుడ్డలోంచి ఒక మెడ పట్టీకి సరిపడా ముక్క దాచి, డ్రెస్సుతో పాటే ఉతుకుతూ ఉండండి. అన్నిటికంటే ముందు సడలేది పట్టీయే. రంగు కలిసే ముక్క చేతిలో ఉంటే పాత పట్టీ విప్పి కొత్తది వేయడం గంట పని.