బ్యాండ్‌క్యాంప్‌లో పాట కొనడం: విజయవాడ శ్రోతకు ఎంతవరకు పనికొస్తుంది?

రెండు భాషల ఇంట్లో పుట్టి, మూడో దేశంలో పెరిగి, ఇంకెక్కడో స్థిరపడి, తమ పాట తామే రాసుకుని పాడే ఆడవాళ్లున్నారు. వాళ్ల సంగీతం వినాలంటే విజయవాడలో ఫోనే దిక్కు. బీసెంట్ రోడ్డు ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగినా వాళ్ల సీడీ దొరకదు. స్ట్రీమింగ్ యాప్‌లలో చాలామంది ఉన్నారు గానీ, ఆ పాట ఏ భాషదో, ఎవరు కట్టారో, వెనక వాయించింది ఎవరో తెలుసుకోవడం కష్టం. అందుకని ఈ సమీక్ష బ్యాండ్‌క్యాంప్ గురించి. 2008లో అమెరికాలో మొదలైన ఈ సైటు పాటల్ని నెలవారీ అద్దెకివ్వదు, అమ్ముతుంది. ఈ తరహా గాయనుల్ని వినడానికి ఇంతకన్నా మంచి చోటు లేదని మా గట్టి అభిప్రాయం. కాకపోతే మన దగ్గర్నుంచి కొనేటప్పుడు డబ్బు కట్టే చోట, ఫైలు దించుకునే చోట చిక్కులొస్తాయి. అవి ముందే తెలిస్తే ఇబ్బంది ఉండదు.

వివరాలు ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ చూడండి. సుశీలా రామన్ లండన్‌లో తమిళ కుటుంబంలో పుట్టారు, ఆస్ట్రేలియాలో పెరిగారు. 2001లో వచ్చిన ఆమె మొదటి ఆల్బమ్ 'సాల్ట్ రెయిన్' బ్రిటన్‌లో మెర్క్యురీ ప్రైజ్ నామినేషన్ దాకా వెళ్లింది. అందులో త్యాగరాజస్వామి 'నగుమోము' ఉంది. బాలమురళీకృష్ణ ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల ఉన్న ఊరికి ఆ కృతి గురించి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. మొదటి వరసకే ఆభేరి రాగమని పట్టేస్తాం, ఆమె దాన్ని ఎక్కడ వంచిందో, ఎక్కడ వదిలేసిందో తెలుస్తూనే ఉంటుంది. అదే ఫాతూమాతా దియావారా పాటైతే? ఆమె ఐవరీకోస్ట్‌లో మాలీ తల్లిదండ్రులకు పుట్టి, మాలీలో పెరిగి, తర్వాత పారిస్ చేరారు. పాడేది ఎక్కువగా బంబారా భాషలో. ఆ భాష మనకు రాదు, ఆ బాణీల ఊరు పేరు తెలియదు. అక్కడ వివరం లేకపోతే మనం వినేది గొంతు ఒక్కటే. స్ట్రీమింగ్ యాప్‌లు వీళ్లందర్నీ 'వరల్డ్' అనే ఒకే గంపలో వేయడం, గోంగూర, మాగాయ, ఉసిరి మూడు జాడీల మీదా 'పచ్చడి' అని మాత్రమే రాసి పెట్టినట్టుంటుంది.

బ్యాండ్‌క్యాంప్‌లో ఆల్బమ్ పేజీని నిర్వహించేది ఆ గాయని గానీ ఆమె లేబుల్ (ఆల్బమ్ విడుదల చేసే సంస్థ) గానీ. పాటల జాబితా కింద ఆల్బమ్ గురించి వాళ్లు రాసిన మాట ఉంటుంది. ఆ కిందే క్రెడిట్స్: ఎవరు రాశారు, ఏ వాయిద్యం ఎవరిది, రికార్డింగ్, మిక్సింగ్ ఎవరు చేశారు. పాట పేరు మీద నొక్కితే ఆ పాటకు వేరే పేజీ తెరుచుకుంటుంది, సాహిత్యం పెట్టినవాళ్లు అక్కడ పెడతారు. అందరూ పెట్టరు. ఇది ఈ సైటులో మాకు నచ్చని విషయం. సాహిత్యం, అనువాదం తప్పనిసరి కాదు కాబట్టి కొన్ని పేజీలు వెలితిగా కనిపిస్తాయి. స్మిత్సోనియన్ ఫోక్‌వేస్ లేబుల్ విషయంలో మాత్రం ఆ లోటు లేదు. న్యూయార్క్‌లో హైతీ తల్లిదండ్రులకు పుట్టి న్యూ ఆర్లియన్స్‌లో స్థిరపడిన చెల్లో కళాకారిణి లేలా మెకాలా మొదటి ఆల్బమ్‌ను 2020లో ఆ సంస్థే మళ్లీ విడుదల చేసింది. వాళ్ల సొంత సైటులో ఆల్బమ్‌ల నోట్స్ పీడీఎఫ్‌లుగా ఉచితంగా దొరుకుతాయి. పాట ఎక్కడ కొన్నా సరే, నోట్స్ అక్కడ చదువుకోవచ్చు.

వెతికే పద్ధతి గురించి కాస్త వివరంగా చెప్పాలి, కొత్తవాళ్లు ఎక్కువగా తికమకపడేది ఇక్కడే. బ్యాండ్‌క్యాంప్‌లో ప్రతి కళాకారిణి పేజీకీ ఒక్క ఊరి ట్యాగే (వెతకడానికి వీలుగా తగిలించే పేరు) ఉంటుంది. అది ఆమె ఇప్పుడు ఉంటున్న చోటు, లేదా లేబుల్ ఉన్న చోటు. ఆరూజ్ ఆఫ్తాబ్ సౌదీలో పుట్టి, లాహోర్‌లో పెరిగి, బోస్టన్‌లో సంగీతం చదివి న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. 2022లో గ్రామీ అందుకున్న తొలి పాకిస్తానీ ఆమే. 'లాహోర్' అని ఊరి ట్యాగుతో వెతికేవాడికి ఇలాంటి మనిషి తగలదు. ఇన్ని ఊళ్లు తిరిగిన వాళ్లని ఊరి పేరుతో పట్టుకోవాలనుకోవడమే పొరపాటు.

ఊరిని వదిలి లేబుల్‌ని పట్టుకోండి. ఆరూజ్ 2021 ఆల్బమ్ వేసిన న్యూ ఆమ్‌స్టర్‌డామ్, ఫాతూమాతా మొదటి ఆల్బమ్ వేసిన వరల్డ్ సర్క్యూట్, కింద చెప్పబోయే గానవ్య ఆల్బమ్ వేసిన లైటర్, ఇలా ఒక్కో లేబుల్ కాటలాగు తిరగేస్తే ఒకరి వెనక ఒకరు దొరుకుతారు. ఇంకో దారి ఉంది, మా లెక్కలో అదే మేలైనది. ఆల్బమ్ పేజీలో దాన్ని కొన్నవాళ్ల చిన్న చిన్న బొమ్మలు వరసగా ఉంటాయి. ఒక బొమ్మ మీద నొక్కితే ఆ మనిషి కొన్న మొత్తం సేకరణ కనిపిస్తుంది. డబ్బు పెట్టి కొన్నవాళ్ల అభిరుచి కాబట్టి అందులో చెత్త తక్కువ. నచ్చినవి విష్‌లిస్ట్‌లో వేసుకుని, తీరిగ్గా విని, అప్పుడు కొనండి. కొనకముందే చాలా ఆల్బమ్‌లు పూర్తిగా వినొచ్చు. కొన్నిసార్లు విన్నాక కొనమని అడుగుతుంది, అంతే.

ఎవరితో మొదలుపెట్టాలి అంటే గుంటూరు, కృష్ణా జిల్లాల వాళ్లకు మేం ముందు చెప్పేది గానవ్య దొరైస్వామి. న్యూయార్క్‌లో పుట్టి తమిళనాడులో పెరిగారు, హరికథ నేర్చుకున్నారు. 2024లో వచ్చిన 'డాటర్ ఆఫ్ ఎ టెంపుల్' వింటే, కథ ఆపి పాటలోకి, పాట ఆపి మాటలోకి జారే ఆ తీరు మన చెవికి కొత్తగా అనిపించదు. రెండో పేరు లీడో పిమియెంటా. కొలంబియాలో పుట్టి కెనడా వెళ్లారు. సొంతంగా విడుదల చేసుకున్న స్పానిష్ ఆల్బమ్‌తో 2017లో కెనడా పొలారిస్ బహుమతి గెలిచారు.

ఇక డబ్బు. యూపీఐ లేదు. కార్డు గానీ పేపాల్ గానీ వాడాలి. ధరలు ఎక్కువగా డాలర్లు, యూరోలు, పౌండ్లలో ఉంటాయి. కార్డు తిరస్కరించడానికి మొదటి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: మన కార్డుల మీద విదేశీ ఆన్‌లైన్ చెల్లింపు ముందుగా ఆఫ్ చేసి ఉంటుంది. రిజర్వ్ బ్యాంక్ ఈ ఏర్పాటు 2020 అక్టోబరు నుంచి తెచ్చింది. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కి వెళ్లి 'ఇంటర్నేషనల్', 'ఆన్‌లైన్' రెండూ ఆన్ చేయాలి. పరిమితి 2,000 రూపాయలు పెట్టుకుంటే ఒకట్రెండు ఆల్బమ్‌లకు సరిపోతుంది. సరిగ్గా ఆల్బమ్ ధరకే పరిమితి పెడితే మాత్రం రూపాయి మారకంలో కొద్దిగా దాటి మళ్లీ తిరస్కరిస్తుంది, కాస్త ఎడం ఉంచండి. విదేశీ సైట్లలో ఓటీపీ అడక్కుండానే డబ్బు పోయే సందర్భాలున్నాయి కాబట్టి కొనడం అవగానే ఆఫ్ చేసేయండి.

బ్యాంకు మార్కప్ (విదేశీ కరెన్సీలో కడితే వేసే అదనపు రుసుము) కూడా లెక్కలో ఉండాలి. 3.5 శాతం వేసే కార్డైతే 10 డాలర్ల ఆల్బమ్‌కి 35 సెంట్లు, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 6 సెంట్లు. మొత్తం 10.41 డాలర్లు. కొన్నిటికి 'మీ ఇష్టమొచ్చినంత' అనే ధర ఉంటుంది, సున్నా వేసినా ఇస్తారు. స్థిరమైన ధర ఉన్నచోట కూడా ఎక్కువ ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చు.

ఖాతా తెరవకుండా అతిథిగా కొంటే లింకు మెయిల్‌కి వస్తుంది. ఆ మెయిల్ పోతే వెతుక్కోవడం పెద్ద పని. ముందు ఖాతా తెరిచి అదే మెయిల్‌తో కొనండి. కొన్నవన్నీ సేకరణలో ఉంటాయి, ఫోన్ మార్చినా మళ్లీ దించుకోవచ్చు.

దించుకునే ఫార్మాట్ అడిగేటప్పుడు తొందరపడకండి. కొనకముందు సైటులో వినిపించేది 128 కేబీపీఎస్ ఎంపీత్రీ (ఈ అంకె పెరిగేకొద్దీ నాణ్యత మేలు), 40 నిమిషాల ఆల్బమ్‌కి 40 ఎంబీ లోపే. కొన్నాక 320 ఎంపీత్రీ తీసుకుంటే సుమారు 96 ఎంబీ, ఫ్లాక్ అయితే 250 ఎంబీ అటూఇటూ, వేవ్ అయితే 420 ఎంబీ దాకా. వేవ్ అనవసరం: ఫ్లాక్‌లో నాణ్యత ఏమీ పోదు, పైగా వేవ్‌లో పాట పేరు, బొమ్మ సరిగా నిలవవు. ఆండ్రాయిడ్‌కి ఫ్లాక్ తీసుకోండి. జిప్ ఫైలు విప్పి మ్యూజిక్ ఫోల్డర్‌లో వేసి వీఎల్‌సీ ప్లేయర్ యాప్‌లో తెరిస్తే చాలు. ఐఫోన్ వాళ్లు ఆపిల్ మ్యూజిక్‌లోకి ఎక్కించుకోవాలంటే ఫ్లాక్ పనికిరాదు, నాణ్యత పోని ఆపిల్ సొంత ఫార్మాట్ ఏఎల్‌ఏసీ ఎంచుకుని కంప్యూటర్ ద్వారా ఎక్కించాలి. విజయవాడ, గుంటూరు మధ్య కారులో వినడానికి పెన్‌డ్రైవ్ చేసేవాళ్లకు 320 ఎంపీత్రీయే మేలు. చాలా కారు స్టీరియోలు ఫ్లాక్ చదవవు, పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసి ఉండకపోతే అసలు గుర్తించవు. స్పానిష్, ఫ్రెంచ్ పాటల పేర్లలో అక్షరాల మీద గుర్తులుంటాయి కదా, వాటి స్థానంలో గళ్లు కనిపిస్తే కంగారు పడకండి, పాట మామూలుగానే వస్తుంది.

వినైల్ రికార్డు కొనాలన్న మోజు ఉంటే రెండు సంగతులు. రవాణా ఖర్చు ఒక్కోసారి రికార్డు ధరను మించిపోతుంది, కస్టమ్స్ సుంకం దాని పైన. రెండోది మన ఎండ. రికార్డు పీవీసీతో చేస్తారు, వేడికి మెత్తబడి వంగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కొరియర్ బండిలో మధ్యాహ్నమంతా ఉన్న పెట్టెలో రికార్డు పళ్లెం అంచు లేస్తుంది, మీద సూది పెట్టగానే ఊగుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు చేరేలా ఆర్డర్ పెట్టుకోండి. వినైల్‌తో పాటు డిజిటల్ ఫైళ్లు సాధారణంగా అప్పటికప్పుడే వస్తాయి.

పెద్ద కంపెనీల గాయనులు ఇక్కడ తక్కువ. నోరా జోన్స్ లాంటి వాళ్ల కోసం స్ట్రీమింగ్ యాప్ ఉంచుకోవాల్సిందే. రెంటినీ కలిపి వాడటమే మా సలహా: అక్కడ వెతికి, ఇక్కడ కొనడం.

డిజిటల్ అమ్మకంలో బ్యాండ్‌క్యాంప్ వాటా 15 శాతం, వస్తువుల మీద 10 శాతం. చెల్లింపు ఖర్చులు కూడా పోగా సగటున 82 శాతం కళాకారులకో లేబుల్‌కో చేరుతుందని సంస్థే చెబుతుంది. 2020 మార్చి 20న మొదలుపెట్టిన 'బ్యాండ్‌క్యాంప్ ఫ్రైడే' రోజుల్లో తన వాటా వదులుకుంటుంది. ఏయే శుక్రవారాలో సైటులో ముందే ప్రకటిస్తారు. గడియారం మాత్రం అమెరికా పశ్చిమ తీరానిది. మనకు శుక్రవారం మధ్యాహ్నం 12:30కి మొదలై శనివారం అదే సమయానికి ముగుస్తుంది, నవంబరు నుంచి మార్చి మొదటి వారం దాకా అయితే 1:30. శుక్రవారం పొద్దున్నే లేచి కొంటే ఆ వాటా మామూలుగానే కోతపడుతుంది, భోజనం అయ్యాక కొనండి.